బ్లీడ్ బటన్ ఉన్న 60 పీఎస్ఐ డయల్ గేజ్: ఆర్నెల్లు ట్రాక్ మీద వాడాక నా రివ్యూ

చూడ్డానికి ఇది పెద్ద వస్తువేం కాదు, టైర్లో గాలి ఎంతుందో చూసే మీటరు, అంతే. కానీ ట్రాక్ డేకి (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు) కొత్తగా వెళ్ళేవాళ్ళు ఎవరైనా ముందు ఏం కొనాలన్నా అని అడిగితే ఎగ్జాస్ట్ వద్దు, ఖరీదైన టైర్లు కూడా ఇప్పుడే వద్దు, ముందు ఇది కొనుక్కో అని చెప్తా. నాది పాత పోలో కారు, మామూలు రోడ్డు టైర్లే, ఆర్నెల్లలో మూడు ట్రాక్ డేలు అయ్యాయి, ఈ మూడింట్లో కారు నడిచే తీరు ఎక్కువ మారింది ఈ మీటరు వల్లే.

నేను కొన్నది 0 నుంచి 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) దాకా ఉండే డయల్ గేజ్, 3,400 పడింది. అరచేతిలో పట్టేంత డయల్, చుట్టూ రబ్బరు తొడుగు, జానెడు కన్నా కొంచెం పొడుగు పైపు, చివర ఇత్తడి నాజిల్, పక్కన గాలి వదలడానికి చిన్న బటన్, దాన్నే బ్లీడ్ బటన్ అంటారు. టైర్ నుంచి తీసేశాక కూడా ముల్లు అక్కడే ఆగి ఉంటుంది, బటన్ నొక్కితేనే సున్నాకి వస్తుంది. బ్రాండ్ పేరు రాయట్లేదు ఎందుకంటే ఇదే డిజైన్ నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, పేరు కన్నా ఏం చూసి కొనాలన్నది ముఖ్యం.

అసలు ఇది ఎందుకు కొన్నానో చెప్పాలి. మొదటిసారి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్ళినప్పుడు (శ్రీపెరుంబుదూర్ దగ్గర, మనవాళ్ళందరూ ఎంఎంఆర్‌టీ అంటారు, ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని పేరు మార్చారు, ల్యాప్, అంటే ఒక చుట్టు, 3.717 కిలోమీటర్లు) నెల్లూరులో తెల్లవారుజామున మూడింటికి బయల్దేరుతూ బంకులో గాలి కొట్టించా, ఎంత పెట్టమంటారన్నా అంటే హైవే కదా స్పీడ్ కదా అని 35 పెట్టు అన్నా. నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటుకుంటూ పోయి డైరెక్టుగా ట్రాక్‌లో దిగా. రెండు ల్యాపులు బ్రహ్మాండంగా ఉంది, మూడో ల్యాప్ నుంచి స్టీరింగ్ తిప్పుతున్నా గానీ ముందు చక్రాలు నేరుగా జారుకుంటూ పోతున్నాయి, ఇంకా తిప్పితే టైర్ అరుస్తోంది తప్ప కారు తిరగట్లేదు. పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటు) వచ్చాక పక్క గ్యారేజీ అన్న ఒకాయన తన గేజ్ తెచ్చి పెట్టి చూశాడు, 43. "ఇదేంది తమ్ముడూ, బెలూన్ మీద నడుపుతున్నావా, గాలి తీసెయ్" అన్నాడు. ఆయనే కూర్చుని 35కి దించాడు, తర్వాత సెషన్‌లో, అంటే మళ్ళీ ట్రాక్ మీదకి దిగినప్పుడు, అదే కారు అదే టైర్లు, మలుపు దగ్గర ముక్కు లోపలికి వస్తోంది, నాకు నిజంగా వేరే కారు ఎక్కినట్టు అనిపించింది. ఇంటికొచ్చిన వారంలోనే గేజ్ ఆర్డర్ పెట్టేశా.

ఇక్కడ విషయం ఏంటంటే డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉండే నంబర్ చల్లటి టైర్‌కి, అంటే కారు మూడు గంటలైనా కదలకుండా ఉన్నప్పటి లెక్క. ట్రాక్ మీద మనకి కావాల్సింది వేడెక్కాక ఎంతుంది అనేది. లోపల గాలి వేడెక్కితే ప్రెజర్ పెరుగుతుంది, సుమారుగా ప్రతి ఐదారు డిగ్రీలకి 1 పీఎస్ఐ అనుకోండి. పొద్దున 27 డిగ్రీలప్పుడు 28 పెట్టిన టైరు ఏం నడపకుండా నీడలో ఉంచినా మధ్యాహ్నం 36 డిగ్రీలకి 29 దాటేస్తుంది, ఇంక ట్రాక్ మీద బ్రేకులు, మలుపులు కలిపి లోపలి గాలి 75, 80 డిగ్రీలకి పోతే ఎంత పెరుగుతుందో మీరే లెక్కేసుకోండి. ప్రెజర్ మరీ ఎక్కువైతే టైర్ మధ్యలో ఉబ్బి రోడ్డుని పట్టుకునే భాగం తగ్గిపోతుంది. మరీ తక్కువైతే మలుపులో సైడ్‌వాల్ (టైర్ పక్క గోడ) మడతపడి టైర్ అంచు మీద నడుస్తుంది, స్టీరింగ్ తిప్పాక కారు ఆలోచించుకుని తిరిగినట్టు ఉంటుంది, అంచులు ఊరికే అరిగిపోతాయి.

కాబట్టి పద్ధతి ఏంటంటే పొద్దున కొంచెం తక్కువ పెట్టుకుని దిగడం, ఐదారు ల్యాపులు గట్టిగా నడిపి వెంటనే పిట్‌లోకి వచ్చి వేడి మీదే చూడటం, ఎక్కువున్న చోట వదలడం. ఈ "వెంటనే" అనేదే ముఖ్యం. హెల్మెట్ తీసి, నీళ్ళు తాగి, నలుగురితో మాట్లాడి చూస్తే అప్పటికే తగ్గిపోయి ఉంటుంది, అది వేడి నంబరూ కాదు చల్లటి నంబరూ కాదు, ఎందుకూ పనికిరాదు.

మొన్న మూడోసారి వెళ్ళినప్పుడు నోట్‌బుక్‌లో రాసుకున్నవి ఉన్నవి ఉన్నట్టు చెప్తా. పొద్దున ఆరున్నరకి, 26 డిగ్రీలు ఉన్నప్పుడు, ముందు రెండూ 28, వెనక రెండూ 30. మొదటి సెషన్ అయ్యి వచ్చాక ముందు ఎడమ 36.5, ముందు కుడి 35, వెనకవి రెండూ 33 దగ్గర. ముందు చక్రాలు అంత ఎందుకు పెరిగాయంటే పోలోలో ఇంజిన్ బరువు, తోయడం, తిప్పడం, బ్రేకు అన్నీ ముందు టైర్ల మీదే, వెనకవి ఊరికే వెంట వస్తాయి. ఎడమది ఇంకా ఎక్కువ ఎందుకంటే ఆ ట్రాక్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది, కుడి మలుపుల్లో బరువంతా ఎడమ వైపు టైర్ మీద పడుతుంది. నాలుగింటికీ ఒకే నంబర్ పెట్టి దిగితే నాలుగూ ఒకేలా తిరిగి రావు, ఇది నా కళ్ళతో చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది.

ముందు రెండూ 34కి దించా. ఇక్కడే ఈ గేజ్ విలువ తెలుస్తుంది. ఎడమ చక్రం పక్కన మోకాలి మీద కూర్చుంటే టైర్ వేడి ముఖానికి కొడుతోంది, ట్రెడ్ (టైర్లో రోడ్డుకి ఆనే భాగం) నిండా కరిగి అంటుకున్న రబ్బరు ముక్కలు, నాజిల్ వాల్వ్ మీద పెట్టి నొక్కి పట్టుకుని ఇంకో చేత్తో బటన్ తట్టడమే, తుస్స్ అని ఒకసారి, ముల్లు 36 దగ్గరికి, ఇంకోసారి, 35, ఆ తర్వాత రెండు చిన్న తట్లు, సరిగ్గా 34 గీత మీద ఆగింది. మామూలు మీటరుతో అయితే పిన్ను నొక్కి గాలి వదలాలి, మళ్ళీ మీటరు పెట్టి చూడాలి, ఎక్కువ పోయిందా తక్కువ పోయిందా అని నాలుగు సార్లు అదే పని, ఈలోపు టైర్ చల్లారిపోతుంది. దీంతో నాలుగు చక్రాలూ రెండు నిమిషాల్లో అయిపోయాయి.

34 అనే నంబర్ నాకెవరో చెప్పింది కాదు, సుద్దముక్కతో తేల్చుకున్నది. ట్రెడ్ అంచు నుంచి సైడ్‌వాల్ మీదకి రెండు వేళ్ళ వెడల్పున మూడు చోట్ల సుద్ద రాసి దిగాలి, వచ్చాక ఎంత దాకా చెరిగిపోయిందో చూడాలి. చాలా టైర్లకి అంచు దగ్గర చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, సుద్ద దాని దాకా చెరిగితే బాగున్నట్టు, దాన్ని దాటి సైడ్‌వాల్ మీద కూడా చెరిగితే గాలి తక్కువైనట్టు, దాని దగ్గరికే రాకపోతే ఎక్కువైనట్టు. నాకు వేడి మీద 31కి దించినప్పుడు త్రికోణం దాటి అర అంగుళం చెరిగింది, 36లో త్రికోణం ముట్టుకోలేదు, 34లో సరిగ్గా దాని మీద ఆగింది. మీ కారు బరువు వేరు, టైర్ వేరు, సైడ్‌వాల్ గట్టితనం వేరు, కాబట్టి నా 34 మీరు కాపీ కొట్టొద్దు, మీ సుద్ద ఏం చెప్తే అది. డబ్బులు ఉంటే సూది గుచ్చి ట్రెడ్ లోపలి అంచు, మధ్య, బయటి అంచు టెంపరేచర్ చూసే పైరోమీటర్లు ఉన్నాయి, మధ్యలో వేడి ఎక్కువుంటే గాలి ఎక్కువ, రెండు అంచులూ వేడిగా ఉండి మధ్య చల్లగా ఉంటే గాలి తక్కువ, అది ఇంకా కచ్చితమైన దారి, కానీ రోడ్డు టైర్లతో నడిపేవాళ్ళకి మొదటి ఏడాది సుద్ద చాలు అని నా నమ్మకం.

ఇంక గేజ్ కరెక్టుగా చూపిస్తుందా అనే మాట. కొన్న రోజే ఊళ్ళో తిరిగి పోల్చా, ఒక బంకు డిజిటల్ మిషన్ 33 అన్నచోట నాది 30, పక్క వీధి పంక్చర్ షాపులో 35 అన్నచోట మళ్ళీ 31, ఇద్దర్లో ఎవరిది నమ్మాలో నాకే అర్థం కాలేదు. మా బావది అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉద్యోగం, ఆయనే దగ్గర్లో గేజ్‌లు క్యాలిబ్రేట్ చేసే ల్యాబ్‌కి తీసుకెళ్ళాడు, తూకం రాళ్ళలాంటి బరువులు పెట్టి ప్రెజర్ పుట్టించే మిషన్ మీద పెట్టి చూస్తే 30 దగ్గర నాది 30.5 చూపించింది, 35 దగ్గర కూడా అదే అర తేడా. అర ఎక్కువ చూపిస్తే నాకేం ఇబ్బంది లేదు, ఎప్పుడూ అంతే ఎక్కువ చూపిస్తే చాలు. ట్రాక్ మీద కావాల్సింది ఇదే, ఒకే గేజ్, ప్రతిసారీ అదే గేజ్, పక్కవాడి గేజ్‌తో పొద్దున ఒకటి నీ గేజ్‌తో సాయంత్రం ఒకటి చూసుకుంటే ఆ నోట్‌బుక్ దండగ.

కొనేటప్పుడు ఇంకోటి చూడండి. ఇలాంటి గేజ్‌ల తేడాని మొత్తం స్కేల్‌లో శాతంగా చెప్తారు. 2 శాతం అంటే 60 గేజ్‌కి 1.2 పీఎస్ఐ, అదే 150 గేజ్‌కి 3 పీఎస్ఐ, మనం కుస్తీ పడేది ఒకటి రెండు పీఎస్ఐల కోసం కాబట్టి లారీ టైర్లకి వాడే 150, 200 స్కేల్ గేజ్ మనకి ఎందుకూ పనికిరాదు. పైగా ముల్లు గేజ్ సాధారణంగా స్కేల్ మధ్యలో బాగా చూపిస్తుంది, మన 30, 35 సరిగ్గా 60 గేజ్‌కి మధ్యలోకి వస్తాయి. డయల్ మీద కనీసం 1 పీఎస్ఐకి ఒక గీత ఉండాలి, నా దాంట్లో అరకి కూడా ఉంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. నాజిల్‌ని నిటారుగా పెట్టకపోతే పక్క నుంచి గాలి కారిపోతుంది, మొదటి రోజు ఒక్కో చక్రానికి అర పీఎస్ఐ అలా పోగొట్టుకున్నా, చెయ్యి కుదరడానికి ఒక పూట పట్టింది. రబ్బరు తొడుగు మూడో నెలకే వదులైంది, కింద పడితే ఇలాంటి గేజ్ లెక్క తప్పుతుంది కాబట్టి నేను పాత తువ్వాల్లో చుట్టి డబ్బాలో పెడుతున్నా. చీకట్లో డయల్ కనపడదు, ఫోన్ లైట్ వెయ్యాల్సిందే. ఆరేడు వందలకి దొరికే డిజిటల్ వాటికి లైటు ఉంటుంది నిజమే, కానీ నేను చూసిన వాటిల్లో బ్లీడ్ బటన్ లేదు, ఒకదానికి ట్రాక్ మీదే బ్యాటరీ అయిపోయింది. పెన్ను లాంటివి కారులో స్టెప్నీ చూసుకోడానికి సరే, ట్రాక్‌కి వద్దు.

టైర్లలో నైట్రోజన్ నింపించడం గురించి చాలామంది అడుగుతున్నారు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, అసలు లాభం ఏంటంటే అలా నింపే నైట్రోజన్ పొడిగా ఉంటుంది. కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు చేరి ఆ తేమ టైర్లోకి పోతే వేడికి ప్రెజర్ మన లెక్కకి అందకుండా పెరుగుతుంది. నేను డబ్బులు పెట్టి నైట్రోజన్ నింపించట్లేదు, గేజ్ చేతిలో ఉంటే ఆ కాస్త తేడా వదిలేసుకోవచ్చు.

ఒక్క విషయం మాత్రం దయచేసి మర్చిపోకండి, ఇంటికి వెళ్ళే దారి. పగలంతా వేడి మీద వదులుతూ పోతాం కదా, రెండో సెషన్ తర్వాత ఎడమది మళ్ళీ 35కి ఎక్కితే ఇంకొంచెం వదిలా, సాయంత్రం టైర్లు చల్లారాక చూస్తే ముందు ఎడమ 25.5, కుడి 27. ఇద్దరు మనుషులు, సామాను, రాత్రి హైవే మీద వంద స్పీడు, ఆ గాలితో వెళ్తే సైడ్‌వాల్ కాగి టైర్ పగిలే ప్రమాదం ఉంటుంది, అది ట్రాక్ మీద జారడం లాంటిది కాదు. కారు సిగరెట్ లైటర్‌కి పెట్టే చిన్న పంపు తీసుకెళ్ళండి, స్లోగా ఎక్కుతుంది, ఒక్కో టైర్‌కి మూడు నాలుగు నిమిషాలు, పర్లేదు. గేట్ దాటక ముందే నాలుగూ స్టిక్కర్ నంబర్‌కి ఎక్కించి, వీల్ బోల్టులు ఒకసారి బిగించి, అప్పుడే బయల్దేరతా. ఆ పంపు మీద ఉన్న మీటరు నా గేజ్ కన్నా 2 ఎక్కువ చూపిస్తుంది, అందుకే ఎక్కించేది దాంతో, చూసేది దీంతో.

బైక్ వాళ్ళకి ఒక మాట, ఈ మోడల్ నాజిల్ తిన్నగా ఉంది, డిస్కులు, స్పోకుల మధ్య వాల్వ్‌కి అందదు, మా తమ్ముడి బైక్ మీద పెట్టి చూశా, కుదర్లేదు. వంపు నాజిల్ ఉన్నది అడిగి తీసుకోండి, మిగతాదంతా ఒకటే.