అండమాన్ నికోబార్ దీవుల పెట్టె: కొనవచ్చు, ఆ ముసుగులు మాత్రం పారేయండి

1,400 రూపాయలు, అదీ నా జేబులోంచి. కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. విశాఖ డాబా గార్డెన్స్‌లో ఒక పుస్తకాల దుకాణంలో కొన్నాను. అండమాన్ నికోబార్ దీవుల గురించి బడిపిల్లలు చేతులతో చేసి నేర్చుకునే సామగ్రి ఇది. నేను సాంఘికశాస్త్రం చెబుతాను. మా బడి పెదజాలరిపేటకు దగ్గర, ఎనిమిదో తరగతిలో సగం మంది ఇళ్ళలో వలలు ఉన్నాయి. సముద్రం విషయంలో వాళ్ళను మభ్యపెట్టడం కష్టం.

ముందు నీళ్ళ ట్రే గురించి చెప్పాలి. పెట్టె ధరలో సగం దీనికే ఇవ్వవచ్చు. రబ్బరు షీట్లను కాంటూరు రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) వెంట కత్తిరించి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన నీలిరంగు నీళ్ళు పోయాలి. షీట్లు తేలిపోకుండా ట్రే అడుగున బిగించడానికి మరలు ఇచ్చారు. ఆ ఏర్పాటు చేసిన వారెవరో తప్పకుండా ఎక్కడో పాఠాలు చెప్పి ఉంటారు. మయన్మార్‌లోని అరకాన్ యోమా కొండలు సముద్రంలోకి దిగి సుమత్రా వైపు సాగుతాయని, పైకి కనిపించే శిఖరాలే ఈ దీవులని ఏటా నల్లబల్ల మీద గీసి చెబుతున్నాను. ఈసారి నీళ్ళు పెరిగేకొద్దీ కొండల వరుస ముక్కలవడం పిల్లలే చూశారు. లిటిల్ అండమాన్‌కూ కార్ నికోబార్‌కూ మధ్య సుమారు 150 కిలోమీటర్ల టెన్ డిగ్రీ ఛానల్ అనే జలసంధి అన్నిటికంటే ముందే తెరుచుకుంది. ఇంకా పోస్తే చివరికి ఉత్తరాన సాడిల్ పీక్, దక్షిణాన గ్రేట్ నికోబార్‌లోని మౌంట్ థూలియర్ మిగిలాయి.

"నిజంగా ఇంత నిటారుగా ఉంటాయా మాస్టారూ?" అని ఒక అమ్మాయి అడిగింది. ఉండవు. ట్రే పొడవు 70 సెంటీమీటర్లు, దీవుల వరుస పొడవు 700 కిలోమీటర్లకు పైనే. సాడిల్ పీక్ ఎత్తు సుమారు 730 మీటర్లు. అదే కొలతలో చేస్తే శిఖరానికి మిల్లీమీటరు కూడా రాదు. ఎత్తును ఎన్నో రెట్లు పెంచి చూపామని కరదీపికలో ఒక్క ముక్క రాయలేదు. ఆ లెక్క తరగతిలోనే చేయించాను, మంచి పీరియడ్ గడిచింది.

పడవ ఇంకా బాగుంది. నికోబారీలు హోడి అనే దోనె వాడతారు. చెట్టు మానును తొలిచి, ఒక పక్కన రెండు మూడు అడ్డకర్రలతో సన్నని తేలుడు దుంగ కడతారు. పెట్టెలో దాని చిన్న నమూనా ఉంది. మా వాళ్ళు చేసిన మొదటి పని ఆ దుంగను విప్పేసి గోళీలు నింపడం. దోనె బోల్తా పడింది. దుంగ కట్టి మళ్ళీ నింపితే నిలిచింది. మన తెప్పకు ఇలాంటిది ఎందుకు లేదని అడిగాను. "తెప్ప దుంగలన్నీ పక్కపక్కన కట్టినదే కదా మాస్టారూ, వెడల్పుగా ఉంటుంది. ఇది సన్నం, అడుగు గుండ్రం, దొర్లిపోతుంది" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. కరదీపికలో రెండు పేజీల వివరణ ఉంది. అంత బాగా లేదు.

చౌరా దీవి వ్యాపారం కార్డుల ఆట ఫరవాలేదు. వెనకటి రోజుల్లో నికోబార్‌లో కుండలు చౌరాలోనే చేసేవారు, మట్టిని మాత్రం పక్కనున్న తెరెస్సా దీవి నుంచి తెచ్చుకునేవారు. ఏ దీవిలో ఏది లేదో తెలిస్తేనే ఆట గెలుస్తారు. నియమాలు మరీ ఎక్కువ.

నికోబారీల తరహాలో స్తంభాల మీద గుండ్రటి గడ్డికప్పు ఇల్లు కట్టే పనిలో జిగురు మోసం చేసింది. మన విశాఖ ఉక్కకు అది ఆరనే ఆరదు. పిల్లలు ఇంటినుంచి వలదారం తెచ్చి ముడులు వేశారు, ఇల్లు గట్టిగా నిలిచింది. జిగురు సీసా ఇప్పటికీ నా బల్లకు అంటుకునే ఉంది.

ఇక ముసుగులు. "ఆదివాసీ వేషం వేయండి" అంటూ ఈకల కిరీటాలతో కాగితపు ముఖాలు ఇచ్చారు. గ్రేట్ అండమానీలు, ఓంగీలు, జారవాలు, సెంటినలీలు, నికోబారీలు, షోంపెన్‌లు వేర్వేరు ప్రజలు. వాళ్ళందరికీ కలిపి ఒకే ముఖమా? అదీ ఏ సినిమాలోంచో తెచ్చిన ఈకలతో? సెంటినలీలు ఉండే నార్త్ సెంటినల్ దీవి దగ్గరకు వెళ్ళడాన్నే చట్టం నిషేధించింది. జారవాలను ఫొటో తీయడం నేరం. అలాంటి ప్రజలను మన పిల్లలు మొహానికి తగిలించుకుని గంతులేయాలా? ఆ అట్టలు తరగతికి తీసుకెళ్ళనే లేదు.

పటంలో ఇంకా పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్ అనే ఉన్నాయి. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. చీటీలు రాసి అతికించాం. కరదీపిక ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో మాతృభాషగా తెలుగుది నాలుగో స్థానం, మన రేవు నుంచి అక్కడికి ఓడ నడుస్తుంది, మా తరగతిలో ఒకడి మేనమామ అక్కడే చేపల పనిలో ఉన్నాడు. తెలుగు ప్రతి వేయకపోవడానికి నాకైతే కారణం కనిపించలేదు.

ముప్పై మంది తరగతికి ఒక పెట్టె చాలదు, రెండు కావాలి. ఇంట్లో ఒక్క పిల్లకో పిల్లవాడికో అయితే కొనకండి, కార్డుల ఆటకే కనీసం నలుగురు ఉండాలి. ట్రే, పడవ విడిగా అమ్మితే మరో మాట లేకుండా తీసుకోండి. దుకాణంలో అడిగాను, విడిగా ఇవ్వరట.