గుట్టలెక్కడానికి హన్మకొండ రండి

వరంగల్ వచ్చేవాళ్ళు వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి చూసుకుని అటునుంచటే రామప్పకు పోతారు. గుట్టల సంగతి ఎవరూ అడగరు. హన్మకొండలో పెరిగిన మాకు మాత్రం ఆదివారమంటే గుట్టే. మొన్న దసరా సెలవుల్లో అమ్మనూ పిల్లల్నీ తీసుకుని ఆ చోట్లన్నీ మళ్ళీ తిరిగాను.

ముందు పద్మాక్షి గుట్ట. చిన్నప్పుడు అక్కడి నున్నటి బండల మీద లాగులు చిరిగేదాకా జారేవాళ్ళం. ఇంటికి పోయాక వీపు విమానం మోతే. పైనున్న నాలుగు పలకల రాతిస్తంభం అప్పట్లో మాకు ఆటలో ముట్టుకునే గుర్తు, అంతే. దాని మీద ఉన్నది కాకతి రెండో ప్రోలుడి కాలపు శాసనమని, 1117 నాటిదని డిగ్రీలో తెలిసింది. మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసది, అంటే జైనుల గుడి, కట్టించిందని అందులో ఉంది. అంటే ఇప్పుడు అమ్మవారిగా కొలుస్తున్న చోటు ఒకప్పటి జైన బసది. గుడిలో రాతిలో చెక్కిన జైన మూర్తులను చూస్తే సంగతి అర్థమవుతుంది. కొంచెం చదువుకుని వెళ్తే రెట్టింపు బాగుంటుంది. సద్దుల బతుకమ్మ సాయంత్రం మాత్రం గుట్ట ఎక్కే ఆలోచన పెట్టుకోకండి, కింద గుండం చుట్టూ ఇసుక వేస్తే రాలదు.

ఊరి నడుమనున్న అగ్గలయ్య గుట్టకు ఇప్పుడు మెట్లు, రెయిలింగ్ వచ్చాయి. బండకు చెక్కిన నిలువెత్తు తీర్థంకరుణ్ణి చూడటానికి అమ్మ కూడా ఎక్కగలిగింది కాబట్టి నాకేం ఫిర్యాదు లేదు. మా పిల్లలకు మాత్రం బోరు కొట్టింది.

ఒక్క గుట్టకే టైముంటే మడికొండ మెట్టుగుట్టకు పోండి. కాజీపేట దాటి హైదరాబాద్ రోడ్డులో ఉంటుంది. రామలింగేశ్వరుడి గుడి, రాతి గుండాలు బాగుంటాయి కానీ అసలు చూడాల్సింది ఒకదానిమీద ఒకటి నిలబడ్డ ఆ గుండ్ల జంటను. భీముడు పేర్చాడని మా తాత చెప్పేవాడు. నిజానికి వాటిని ఎవరూ పేర్చలేదు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు పగుళ్ళలోకి నీళ్ళు దిగి, మెత్తబడ్డ భాగమంతా మట్టై కొట్టుకుపోగా గట్టిది మిగిలింది. నాకైతే తాత కథ కంటే ఇదే పెద్ద వింత. పొద్దున్నే వెళ్ళాలి. ఎండెక్కితే బండ కాలుతుంది, నీడ తక్కువ. చేతిలో కవరు కనిపిస్తే కోతులు వదలవు. శివరాత్రికి జాతర రద్దీ.

మేమైతే గుట్టకు పోయేది సగం సీతాఫలాల కోసమే. కాయలు తెంపి బియ్యంలో దాచి, పండాయా లేదా అని రోజూ ఒత్తి చూసేవాళ్ళం. ఇప్పుడు చాలా గుట్టల మొదలుదాకా ఇళ్ళొచ్చాయి. కరీంనగర్ వైపైతే గుట్టలకు గుట్టలే గ్రానైటు పలకలై పోతున్నాయి.

రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు ఒక రోజంతా పెట్టుకోండి. అక్కడిది ఇసుకరాయి, పొరలు పొరలుగా లేచిన గోడలు. రాతి నీడల్లో ఆదిమానవుల ఎర్రరంగు బొమ్మలున్నాయి. దారి తెలిసిన మనిషి లేకుండా పోతే అవి దొరకవు. తిండీ నీళ్ళూ హన్మకొండ నుంచే పట్టుకెళ్ళాలి.

ఉండటానికి బస్టాండు దగ్గర ఒక లాడ్జి తీసుకున్నాం. రాత్రంతా హారన్లు, పొద్దున వేణ్ణీళ్ళు లేవు. నక్కలగుట్ట వైపు హోటళ్ళు కాస్త ఖరీదైనా నిద్ర పడుతుంది, టూరిజం వాళ్ళ హరిత కాకతీయ కూడా అక్కడే. ఆటోలకు ఒక్కో గుట్టకూ విడిగా బేరమాడే బదులు పూటకు మాట్లాడుకుంటే చవక. చివరి మజిలీగా కోటలోని ఏకశిల గుట్ట పెట్టుకోండి. ఎక్కడం తేలిక, సాయంత్రం గాలి బాగుంటుంది. చీకటి పడకముందే దిగాలి, వాన పడితే అసలు ఎక్కొద్దు.