షిన్ ఓకుబోలో కొరియన్ భోజనానికి వెళ్తున్నారా? వీధిలో చెప్పిన రేటు నమ్మి లోపల కూర్చోకండి

టోక్యోలో ఉంటున్న మనవాళ్లకీ, సెలవులకి ఇండియా నుంచి వస్తున్న చుట్టాలని తిప్పుతున్నవాళ్లకీ ఇది ముందే చెప్పాలనిపించింది. షిన్ ఓకుబో సందుల్లో ఒక చిన్న కొరియన్ హోటల్లో నలుగురం తింటే 7,920 యెన్లు కావాల్సింది, చేతికొచ్చిన బిల్లు 24,103 యెన్లు. మన రూపాయల్లో పదమూడు వేల పైమాటే. డబ్బు సంగతి అలా ఉంచితే, మేం బీఫ్ తినం అని ముందే చెప్పి, రెండుసార్లు అడిగి మరీ కూర్చుంటే, బీఫ్ పొడి కలిపిన సూప్ తెచ్చి పెట్టారు. అది ఇంకా ఎక్కువ బాధ పెట్టింది.

హోటల్ పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా ఉపయోగం ఉండదు, ఇలాంటి షాపులు బోర్డు మార్చుకుని మళ్లీ తెరుస్తుంటాయి. వాళ్లు డబ్బు లాగే పద్ధతి తెలిస్తే ఏ బోర్డు కింద ఉన్నా గుర్తుపట్టొచ్చు.

కొత్తవాళ్ల కోసం కొంచెం చెప్తాను. షిన్ ఓకుబో అంటే షింజుకు నుంచి యమనోతే లైన్లో ఒక్క స్టేషన్. ఒకవైపు కొరియా వీధులు, ఇంకోవైపు మసాలాలు, పప్పులు, హలాల్ మాంసం అమ్మే షాపులున్న సందు, ఇస్లామిక్ యోకోచో అంటారు. మనవాళ్లు చాలామంది సరుకుల కోసం వెళ్లి, పనిలో పనిగా కొరియన్ భోజనం కూడా కానిచ్చుకుని వస్తారు. ఓకుబో దోరికీ షోకుఆన్ దోరికీ (దోరి అంటే వీధి) మధ్య సన్నటి సందులు బోలెడు, వాటిలో ఇకెమెన్ దోరి అనేది బాగా పేరున్నది. శని, ఆదివారాల్లో అక్కడ నడవడమే కష్టం. పేరున్న హోటళ్ల ముందు పెద్ద పెద్ద లైన్లు. ఆ లైన్లే ఇలా మోసం చేసే షాపులవాళ్లకి పెట్టుబడి.

మా చెల్లెలికి కొరియన్ సీరియళ్ల పిచ్చి. జపాన్ వచ్చినా దాని లిస్టులో గుళ్ల కంటే ముందు చీజ్ డక్‌గల్బి, అంటే చీజ్ వేసి కారంగా వండే కొరియన్ చికెన్ కూర, ఉంది. అందుకని నేనూ, మావారూ, చెల్లెలూ, మరిదీ శనివారం సాయంత్రం వెళ్లాం. అనుకున్న హోటల్ ముందు లైన్ చూసి ఆగేసరికి ఒక కుర్రాడు వచ్చాడు. చక్కటి ఇంగ్లీషు, చేతిలో లామినేషన్ చేసిన కార్డు. "అక్కడ రెండు గంటలు పడుతుంది మేడమ్, మాది వాళ్ల బ్రాంచే, ఇప్పుడే సీటు ఇస్తాను" అన్నాడు. కార్డు మీద చీజ్ డక్‌గల్బి సెట్, డ్రింకుతో కలిపి 1,980 యెన్లు. బీఫ్ ఉండకూడదని చెప్పాం. "ఓన్లీ చికెన్, నో ప్రాబ్లమ్" అన్నాడు.

మీరు వెళ్లాలనుకున్న చోటు నిండిపోయిందనీ, తమది దాని బ్రాంచేననీ చెప్పి వేరే చోటికి తీసుకెళ్లడం షింజుకు చుట్టుపక్కల బాగా పాతబడిన ఎత్తు. వీధిలో మనుషుల్ని ఇలా పిలిచి తీసుకెళ్లడాన్ని షింజుకు వార్డు 2013లోనే నిషేధించింది, 2016లో జరిమానా కూడా చేర్చింది. షోకుఆన్ దోరి దాటి, బార్లు, క్లబ్బులుండే కబుకిచో వైపు వెళ్తే ఇలాంటివాళ్ల వెంట వెళ్లొద్దని మైకుల్లో చెప్తూనే ఉంటారు. కానీ ఆ మైకులు వినబడని సందుల్లో కొరియన్ భోజనం పేరుతో అదే పని నడుస్తోంది. నిజంగా మంచి హోటల్‌కి శనివారం సాయంత్రం వీధిలోకి మనిషిని పంపాల్సిన అవసరమే రాదు.

లోపల మాత్రం చూడ్డానికి ముచ్చటగా ఉంది, అది ఒప్పుకోవాలి. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు, నాలుగైదు టేబుళ్లు, పసుపు లైట్లు, గోడల నిండా కస్టమర్ల సంతకాలు. చెల్లెలు వెళ్లగానే ఫోటోలు మొదలుపెట్టింది. చిన్న చోటు కదా, ఇంటి భోజనంలా ఉంటుందని మనకి అనిపించేది ఇక్కడే. మెట్లెక్కి, చెప్పులు విప్పి, టేబుల్ మీద చిన్న గిన్నెలు వచ్చేశాక లేచి వెళ్లిపోవాలంటే మనసొప్పదు. మన మొహమాటం వాళ్లకి బాగా తెలుసు.

ఇక బిల్లు. సెట్లు నాలుగు, 7,920. దాని మీద ఒక్కొక్కరికి 500 చొప్పున ఓతోషి, అంటే కూర్చోగానే అడక్కుండా తెచ్చిపెట్టే చిన్న గిన్నె, 2,000. శనివారం కాబట్టి మనిషికి 400, అది 1,600. డ్రింకుల దగ్గర అసలు దెబ్బ తగిలింది. సెట్‌తో వచ్చేది ఒక చిన్న గ్లాసు టీ అట. మరిది మక్కొలి, అంటే కొరియన్ బియ్యపు కల్లు, అడిగితే, "అయితే తాగినంత తీసుకోండి, అదే లాభం" అని చెప్పి, టేబుల్లో ఒకరు తీసుకుంటే అందరూ తీసుకోవాలన్న రూలు చెప్పకుండా నలుగురికీ 1,500 చొప్పున 6,000 వేశారు. మేం ముగ్గురం తాగింది నీళ్లూ టీయే. సెట్‌లో చీజ్ కొంచెమే ఉంది, ఇంకాస్త వేయమంటారా అని అడిగి వేసినందుకు 1,600. కిమ్చి, అంటే కొరియన్ క్యాబేజీ పచ్చడి, మళ్లీ తెచ్చినందుకు 800. మొత్తం 19,920. దానికి పది శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద మళ్లీ పది శాతం ట్యాక్స్. అలా 24,103.

న్యాయంగా మాట్లాడుకుంటే వీటిలో చాలావరకు జపాన్‌లో మామూలుగా ఉండేవే. ఓతోషి ఇజకాయాల్లో, అంటే జపనీస్ బార్ హోటళ్లలో, ఎప్పటినుంచో ఉంది, 300 నుంచి 500 యెన్లు తీసుకోవడం అలవాటే. తాగినంత డ్రింకుల ప్లాన్‌లో టేబుల్ మొత్తం తీసుకోవాలన్న షరతు మంచి హోటళ్లలోనూ ఉంటుంది, కాకపోతే వాళ్లు ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్తారు. రాత్రి పది దాటితే పది శాతం అదనంగా వేసేవాళ్లూ ఉన్నారు. కిమ్చి లాంటి పక్క వంటకాలు కొరియాలో ఎన్నిసార్లు అడిగినా ఉచితం. జపాన్‌లో కొన్ని చోట్ల అంతే, కొన్ని చోట్ల ప్రతి గిన్నెకీ రేటు. అన్నీ ఒకే బిల్లులో, ఒక్కటీ ముందు చెప్పకుండా వేయడమే మోసం. ట్యాక్స్ కలిపిన ధర కనబడేలా రాయడం 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. ఆ కార్డు మీద ఉన్నది ట్యాక్స్ కలపని రేటని మాకు తెలిసింది బిల్లు చూశాకే.

ఇప్పుడు బీఫ్ సంగతి. డక్‌గల్బి వరకు చికెనే, అనుమానం లేదు. దానితో పాటు చిన్న గిన్నెల్లో వేడి సూప్ ఇచ్చారు, చెల్లెలు ఇష్టంగా తాగేసింది. వంటగది పక్కనే ఉంది, చేయి కడుక్కోడానికి వెళ్తూ చూస్తే గట్టు మీద దషిదా ప్యాకెట్ తెరిచి ఉంది. కొరియన్ వంటలో బాగా వాడే పొడి అది, మామూలుగా దొరికే రకం బీఫ్‌తో చేసిందే. ఇది సూప్‌లో వేశారా అని అడిగితే వెయిటర్ నవ్వుతూ "అది మాంసం కాదండీ, పొడి" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే కోపం కూడా వెంటనే రాలేదు. చెల్లెలు మాత్రం ఆ తర్వాత ముద్ద ముట్టలేదు.

మన దగ్గర బీఫ్ తిననివాళ్లు ఎక్కువ కాబట్టి దీని మీద కొంచెం వివరంగా రాస్తున్నా. బీఫ్ లేదు అంటే చాలా హోటళ్ల లెక్కలో ముక్కలు లేవని మాత్రమే. మనం అడగాల్సింది ముక్క గురించీ, సూప్ దేనితో కాచారో దాని గురించీ, పొడి గురించీ, మూడూ విడివిడిగా. జపనీస్‌లో గ్యూనికు అంటే బీఫ్, గ్యూ ఎకిసు అంటే బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్. రెండూ ఫోన్‌లో రాసి చూపించండి. కూరలు కలిపిన అన్నం బిబింబాప్‌లో కొట్టిన బీఫ్ ఉండటం మామూలు, నూడుల్స్ వంటకం జప్‌చేలో కూడా తరచుగా ఉంటుంది. పూర్తి శాకాహారులైతే ఇంకా కష్టం. కిమ్చి చూడ్డానికి క్యాబేజీ పచ్చడిలా ఉన్నా అందులో ఉప్పు రొయ్యలో, చేపల సాసో పడుతుంది. టొక్‌బొక్కి బియ్యప్పిండి ముక్కలే కదా అనుకుంటాం, దాని పులుసు తరచుగా ఎండు చేపలతో కాచింది, పైగా చేప పిండితో చేసిన ముక్కలు కలుపుతారు. పిల్లలకి వేరుశెనగ, రొయ్యల్లాంటి ఎలర్జీలు ఉన్నవాళ్లకి ఇంకో మాట. షాపుల్లో ప్యాకెట్ల మీద ఎలర్జీ పదార్థాలు రాయడం జపాన్ చట్టం ప్రకారం తప్పనిసరే కానీ, హోటల్ మెనూలకి ఆ నియమం లేదు. మెనూలో రాయలేదు కాబట్టి లేదని అనుకోకండి.

ఇంత జరిగే చోటికి మ్యాప్స్‌లో 4.8 రేటింగ్ ఎలా వచ్చిందని తర్వాత చూశాం. కారణం టేబుల్ మీదే ఉంది. క్యూఆర్ కోడ్ ఉన్న చిన్న అట్ట, ఐదు నక్షత్రాలు ఇచ్చి చూపిస్తే ఐస్‌క్రీం ఫ్రీ. తినకముందే ఇచ్చేసినవాళ్లు ఎంతమందో! ఇలా డబ్బో వస్తువో ఎరవేసి పొగిడించుకుని, ఆ సంగతి దాచడాన్ని 2023 అక్టోబర్ 1 నుంచి జపాన్‌లో చట్టం ఒప్పుకోవడం లేదు. 2024 జూన్‌లో మ్యాప్స్ రివ్యూల విషయంలోనే టోక్యోలో ఒక క్లినిక్ మీద మొదటి ఆర్డర్ వచ్చింది. ఐస్‌క్రీం అట్టలు మాత్రం ఇంకా టేబుళ్ల మీద ఉన్నాయి. రేటింగ్ చూడాలంటే తాబెలోగ్ అనే జపాన్ హోటల్ రివ్యూల సైట్ కూడా తెరవండి. అక్కడ జనం పిసినారితనంగా మార్కులు వేస్తారు, 3.5 వస్తే మంచి హోటల్ కింద లెక్క. అసలు అక్కడ పేజీయే లేకపోయినా, ఉన్న కొద్ది రివ్యూలూ ఈ మధ్యవే అయినా కొంచెం ఆలోచించండి. మ్యాప్స్‌లో అయితే తక్కువ నక్షత్రాలవి ముందు చదవండి. మేం వెళ్లిన చోటికి అలాంటివి కొన్నే ఉన్నాయి, అన్నిట్లోనూ ఇదే కథ.

బిల్లు దగ్గర ఏం చేశామో కూడా చెప్తాను. మొదట ఇచ్చిన కాగితం మీద మొత్తం ఒక్కటే ఉంది. మావారు ఒక్కో ఐటమ్‌కి ఎంతో విడిగా రాసిన మెయిసాయ్ కావాలని పట్టుబట్టారు. అది వచ్చాక మెనూ పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ చదివించారు. శనివారం చార్జి మెనూలో ఎక్కడా లేదు. దగ్గర్లో కోబన్‌కి, అంటే చిన్న పోలీసు పోస్టుకి, వెళ్లి మాట్లాడదాం అన్నాక ఆ 1,600 తీసేశారు, 22,167 కట్టి బయటపడ్డాం. మిగతావన్నీ చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, జపనీస్‌లో ఉన్నాయి. కార్డు మిషన్ పనిచేయడం లేదన్నారు కాబట్టి క్యాషే ఇచ్చాం. పక్క టేబుల్ వాళ్లకీ అదే మాట చెప్పడం విన్నాను.

ఈ ఒక్క షాపు చూసి కొరియన్ హోటళ్లన్నీ ఇంతే అనకండి. షిన్ ఓకుబోలోనే ఏళ్ల తరబడి నడుపుతున్న కుటుంబాల హోటళ్లున్నాయి, ఒసాకా వెళ్తే త్సురుహషిలో ఇంకా పాతవి ఉన్నాయి. అలాంటి చోట అడిగితే ఓనరమ్మే వచ్చి దేనిలో ఏముందో చెప్తుంది, తెలియకపోతే తెలియదంటుంది. ఇది వద్దు, అది తినండి అని చెప్పే మనిషి ఉన్న చోట ధైర్యంగా కూర్చోవచ్చు.

మీరు వెళ్లేటప్పుడు లైన్ ఎంతున్నా అనుకున్న చోటే నిలబడండి, లేదా ముందే బుక్ చేసుకోండి. సీటు మాత్రమే బుక్ చేస్తున్నామా, కోర్స్, అంటే ముందే ఖాయం చేసిన భోజనం, కూడా తీసుకోవాలా అన్నది అప్పుడే చూసుకోండి. కూర్చోగానే, గిన్నెలు ముట్టకముందే, ట్యాక్స్‌తో సహా మనిషికి ఎంత అవుతుందో, ఓతోషి, వారాంతం చార్జి ఉన్నాయో అడిగి ఫోన్ కాలిక్యులేటర్ మీద కొట్టించుకోండి. ఆ అంకె కొట్టడానికి వెనకాడితే లేచి వచ్చేయండి, అప్పటికి మీరు తిన్నదేమీ ఉండదు.

రేటు గొడవల్లో పోలీసులు తీర్పు చెప్పరు, అది మీరూ మీరూ తేల్చుకోమంటారు. కానీ బెదిరించినా, కట్టేదాకా మెట్లు దిగనివ్వకపోయినా 110కి ఫోన్ చేయడానికి సందేహించొద్దు. తర్వాత ఫిర్యాదు చేయాలంటే 188 నంబర్, దగ్గర్లోని వినియోగదారుల కేంద్రానికి కలుపుతుంది. జపనీస్ వచ్చినవాళ్లని పక్కన పెట్టుకుని చేయండి. బయట చూపించిన కార్డు, మెనూ చివరి పేజీ, వివరాలతో ఉన్న బిల్లు, ఈ మూడింటి ఫోటోలూ దగ్గర ఉంచుకోండి. మా దగ్గర కార్డు ఫోటో ఉంది, అదీ మా చెల్లెలు కార్డు మీద చీజ్ బొమ్మ బాగుందని తీసుకున్నది.