మట్టి గోడలా, స్లాబ్ ఇల్లా? పాలమూరు, నల్గొండ ఎండకు ఏది నయం

దేవరకొండ, అచ్చంపేట వైపు రెండు గదుల ఇల్లు మొదలుపెట్టే వాళ్లకు వచ్చే డౌటే ఇది. పాత పద్ధతిలో అడుగున్నర మట్టి గోడలు, గూన పెంకులా? 9 అంగుళాల ఇటుక గోడలు, స్లాబా?

ఎండ
మట్టి: మధ్యాహ్నపు వేడి గోడ దాటి లోపలికి వచ్చేసరికి రాత్రవుతుంది. అప్పుడు కిటికీలు తెరిస్తే సరి. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది.
స్లాబ్: ఇంట్లోకి వేడి ఎక్కువగా వచ్చేది పైనుంచే. పగలంతా కాగిన స్లాబ్ రాత్రి సెగ కక్కుతుంది. మే నెలలో జనం డాబా ఎక్కి పడుకునేది ఊరికే కాదు. పైన తెల్ల సున్నం కొడితే కొంత నయం.

ఖర్చు
మట్టి: ఊళ్లోనే దొరుకుతుంది, కూలీయే ఎక్కువ.
స్లాబ్: సిమెంటు, ఇనుము అన్నీ కొనాలి. సిమెంటు ఫ్యాక్టరీలు హుజూర్‌నగర్ వైపే ఉన్నా బస్తా ఊరికే రాదు కదా!

శ్రమ
మట్టి: ఏటా వానలకు ముందు అలకాలి, పెంకులు సర్దాలి. ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు దొరకడమే కష్టం.
స్లాబ్: క్యూరింగ్ (కొన్నాళ్లు నీళ్లతో తడపడం) అయ్యాక పెద్ద పనుండదు.

రిస్క్
మట్టి: చెదలు, గోడ అడుగున తడి. తడికి రాతి పునాది ఎత్తుగా కట్టాలి, చెదలను మాత్రం అదొక్కటే ఆపదు. కోతులకు మాత్రం మందు లేదు, పెంకులు బతకనివ్వవు.
స్లాబ్: నీళ్లు దిగితే ఇనుము తుప్పు పడుతుంది.

ఎర్రమట్టి నేల, సొంత కూలీ, కోతుల బెడద లేని ఊరు అయితే మట్టి ఇల్లే కట్టండి. నల్లరేగడి మట్టి ఎండితే పగులుతుంది, గోడకు వాడొద్దు. పైన ఇంకో అంతస్తు వేయాలన్నా, పట్నంలో ఉంటూ ఏడాదికోసారి వచ్చేవాళ్లయినా స్లాబే మేలు.