హనుమకొండలో ఫ్రెంచి వీడ్కోలు విందు: వంటశాల పనితనం, వైన్ ఎంపిక

హనుమకొండలో ఆర్డరు మీద ఫ్రెంచి వంటలు చేసి పంపే ఒక చిన్న వంటశాల ఉంది. ఏప్రిల్ నెలాఖరులో మా విభాగం వీడ్కోలు విందుకు అక్కడి నుంచే భోజనం తెప్పించుకున్నాము. ఉద్యోగ విరమణ చేస్తున్న ఆచార్యులు వయసులో ఉన్నప్పుడు ఫ్రాన్సులోని లియోన్ నగరంలో పరిశోధన చేసి వచ్చినవారు; అక్కడి తిండి గురించి ఆయన నోట వినని విద్యార్థి మా విభాగంలో ఉండడు. కనుక బిర్యానీ, డబల్ కా మీఠా అనే మామూలు వరుసను ఈసారికి పక్కన పెట్టాలని అందరమూ అనుకున్నాము. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పుపట్టవలసినవి కూడా ఇక్కడ రాస్తున్నాను కాబట్టి వంటశాల పేరు చెప్పడం లేదు.

వారిచ్చిన పట్టికలో పేర్లు చాలానే ఉన్నాయి. అయితే వరంగల్ ఎండల్లో, వంటశాల నుంచి హాలుకు వ్యానులో వచ్చి, గంటకు పైగా గిన్నెల్లో సన్నటి సెగ మీద నిలబడవలసిన భోజనానికి అందులో సగం పనికిరావు. గుడ్ల నురుగుతో పొంగేలా చేసే సూఫ్లే పొయ్యి దిగిన కొద్ది నిమిషాల్లోనే చతికిలబడుతుంది. ఉల్లిపాయ సూప్ మీద రొట్టె ముక్క, గ్రుయేర్ చీజ్ వేసి ఓవెన్‌లో కాల్చి, బుడగలు వస్తుండగానే బల్ల మీదికి తేవాలి. వ్యానులో వచ్చేసరికి ఆ రొట్టె నానిపోయి ముద్దవుతుంది. మరోవైపు, ఫ్రెంచి పల్లెల్లో గంటల తరబడి సన్నని మంట మీద ఉడికించే కూరలు, ఓవెన్‌లో నెమ్మదిగా మగ్గే వంటకాలు వేచి ఉన్నకొద్దీ రుచి పెంచుకుంటాయే తప్ప పోగొట్టుకోవు. మా ఎంపిక అంతా ఈ లెక్క మీదే సాగింది, ఈ వంటశాల బలం కూడా సరిగ్గా అక్కడే ఉందని తరువాత తేలింది.

ఆ రోజు అన్నిటికంటే బాగా కుదిరినది కోక్ ఓ వాన్, అంటే ఎర్ర వైన్‌లో ఉడికించిన కోడి. బర్గండీ ప్రాంతపు వంటగా పేరున్న దీన్ని మన దగ్గర హోటళ్లు సాధారణంగా బ్రాయిలర్ కోడితో చేస్తాయి. అరగంటలో మెత్తబడి, గంటలో పీచుపీచుగా విడిపోయే ఆ మాంసానికి ఈ వంట అక్కరే లేదు. ముదిరిన పుంజును ఎలా మెత్తబరచాలన్న ఆలోచన నుంచి వచ్చిన వంట ఇది, కాబట్టి మన నాటుకోడి దీనికి అచ్చంగా సరిపోతుంది. మేము అడగకముందే వంటశాల యజమానురాలు ఈ మాట చెప్పి, నాటుకోడి ముక్కలను ముందురోజు రాత్రే నాసిక్ షిరాజ్ వైన్‌లో క్యారెట్, ఉల్లిపాయ, బిర్యానీ ఆకు, కొద్దిగా తైమ్ ఆకుతో నానబెట్టారు. మర్నాడు ముక్కలను తుడిచి, వెన్నలో ఎర్రగా వేయించి, అదే వైన్‌లో రెండున్నర గంటలు ఉడికించారట. అసలు పద్ధతిలో వేసే పంది మాంసపు ముక్కలను మా కోరిక మీద మానేసి, ఆ లోటును పుట్టగొడుగులతోను, చక్కెరలో మెరిసేలా వేయించిన చిన్న ఉల్లిపాయలతోను పూరించారు. గరిటెతో పైకి తీస్తే రసం గరిటె వెనుక పలుచని పొరలా అంటుకుని నిలిచింది, ఎముక దగ్గరి మాంసం లోపలిదాకా ముదురు ద్రాక్ష రంగు పట్టింది. ఆచార్యులవారి అక్కగారు మొదట అనుమానంగా చూసి, రెండో ముక్క వేయించుకుంటూ “కారం లేకపోయినా కోడి మాత్రం కోడి లెక్కనే ఉన్నది బిడ్డా” అన్నారు. ఆమె ఇచ్చిన ఈ తీర్పు మీద నేను కలపవలసినది ఏమీ లేదు.

అయితే వైన్‌తో వండిన కూర విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. మరిగితే మద్యం మొత్తం ఆవిరైపోతుందని మన దగ్గర చాలామంది నమ్ముతారు, కొందరు కేటరింగ్ వారు అతిథులకు అదే హామీ కూడా ఇస్తారు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం గంటసేపు ఉడికిన వంటలో పావు వంతు మద్యం మిగులుతుంది, రెండున్నర గంటల తరువాత కూడా అయిదు శాతం దాకా ఉంటుంది. మతరీత్యా, వ్యక్తిగతంగా లేదా వైద్యుల సలహా మీద మద్యం ముట్టనివారు పిలుపులో ఉన్నప్పుడు వారి గిన్నె వేరుగా ఉండాలి, గరిటె కూడా వేరుగా ఉండాలి, ఏది ఏదో గిన్నె మీద రాసి ఉండాలి. ఈ మూడూ ఈ వంటశాల సక్రమంగా చేసింది. చీటీలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉన్నాయి.

వైన్ లేని ఆ రెండో గిన్నెలో ఉన్నది పులే బాస్కేజ్. ఫ్రాన్సు నైరుతి మూలన, స్పెయిన్ సరిహద్దులో ఉన్న బాస్క్ ప్రాంతపు కోడికూర ఇది: టమాటా, ఉల్లిపాయ, ఎర్ర, పచ్చ క్యాప్సికం, వాటి మీద అక్కడి ఎస్పెలెట్ అనే ఊరి మిర్చి పొడి. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ, కొంచెం పండు వాసన ఉండే ఆ మిర్చికి ఫ్రాన్సు ప్రభుత్వం 2000లో ప్రాంతీయ గుర్తింపు ఇచ్చి, చుట్టుపక్కల పది ఊళ్ల పంటకే ఆ పేరు దక్కేలా కట్టడి చేసింది. శరదృతువులో అక్కడి ఇళ్ల గోడలకు ఎర్రటి మిర్చి దండలు వేలాడుతుంటాయి. దాన్ని విదేశం నుంచి తెప్పించి ఖర్చు పెంచకుండా ఈ వంటశాల మన చపాటా మిర్చి వాడింది. టమాటాలాగా గుండ్రంగా, బుర్రగా ఉండే ఈ వరంగల్ మిర్చికి కూడా 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని గుణం కూడా అదే: కారం కొద్ది, ఎరుపు మెండు. ఎనుమాముల మార్కెట్ ఊళ్లోనే ఉండగా మరో మిర్చి ఎందుకని ఆలోచించిన ఆ ఒక్క పనికి ఈ వంటశాలకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. గరం మసాలా కలిపి ‘మన రుచికి మార్చాము’ అని చెప్పుకునే పద్ధతికి దీనికి చాలా తేడా ఉంది. ఇక్కడ వంట స్వభావం చెడలేదు.

శాకాహారుల వరుస అంత గట్టిగా లేదు. రతతూయ్‌లో వంకాయ, జుకినీ, క్యాప్సికం వేటికవి విడిగా వేయించి చివర టమాటాలో కలిపితే ఏ కూరకు ఆ రుచి నిలుస్తుంది. వీరు అన్నీ ఒకేసారి వేసినట్టున్నారు, వంకాయ కరిగి పచ్చడి పాకాన పడింది. గ్రాతాన్ దోఫినువా, అంటే పాలు, మీగడ, వెల్లుల్లితో మగ్గిన ఆలుగడ్డ, లోపల చక్కగా ఉంది. ముక్కలు తరిగాక కడగకుండా వేయడం వల్ల వాటిలోని పిండిపదార్థమే మీగడను చిక్కబరచింది. కానీ పైన ప్రాసెస్డ్ చీజ్ దట్టంగా పరచి పిజ్జా వాసన తెచ్చారు. ఈ వంటకానికి సంప్రదాయ పద్ధతిలో చీజ్ అవసరమే లేదు.

చీజ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. పేరున్న ఫ్రెంచి చీజ్‌లు చాలావరకు దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో పాలు విరిచి చేసినవి, కొన్ని మిఠాయిల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. శాకాహారం అని చీటీ అంటించే ముందు ఇవి చూసుకోవాలి. నేను ఫోనులో ఈ ప్రశ్న అడిగినప్పుడు యజమానురాలు తడుముకోకుండా డబ్బా మీది ముద్ర ఫొటో తీసి పంపారు, గుడ్లు, మీగడ నింపి ఓవెన్‌లో కాల్చే కీష్‌ను కూడా వేరే బల్ల మీద పెట్టించారు.

రొట్టె నిరాశ కలిగించింది. బాగెట్ తయారీ నైపుణ్యానికి 2022లో యునెస్కో గుర్తింపు వచ్చింది. 1993 నాటి ఫ్రెంచి ఆదేశం ప్రకారం సంప్రదాయ రొట్టెలో గోధుమ పిండి, నీరు, ఉప్పు, పులియబెట్టే పదార్థం తప్ప దాదాపు ఏదీ ఉండకూడదు. ఈ వంటశాల రొట్టె పిండి మంచిదే, లోపలి గుల్లలు కూడా బాగున్నాయి. కానీ వేడివేడిగానే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి పంపడంతో కవరు లోపలి వైపంతా చెమట పట్టి, కరకరలాడవలసిన పైపొర తోలులా సాగింది. కాగితపు సంచీ వాడితే తీరే లోపం ఇది.

వైన్ మేమే కొన్నాము, కాబట్టి ఆ మంచిచెడులు వంటశాలకు అంటవు. మన ఊరి వైన్స్ షాపుల్లో విస్కీ, బీరు రాశులుగా ఉంటాయి, ఫ్రెంచి సీసాలు మాత్రం వేళ్ల మీద లెక్కించవచ్చు. ఒక దుకాణంలో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు వైన్ సీసాను ఎండ పడే అద్దాల అరలో నిలువుగా నిలబెట్టారు. చేతిలోకి తీసుకుంటే కార్క్ అంచుకు పైకి పొడుచుకు వచ్చి ఉంది, రేకు కింద జిగురు తగిలింది. వేడికి లోపలి వైన్ ఉబ్బి కార్క్‌ను నెట్టిందనడానికి ఇది గుర్తు. అలాంటి సీసా తగ్గింపు ధరకు ఇచ్చినా తీసుకోకూడదు. చివరకు హైదరాబాద్ వెళ్లిన సహోద్యోగి ద్వారా, ఏసీలో సీసాలు పడుకోబెట్టి ఉంచే దుకాణం నుంచి తెప్పించాము.

ఏది తెప్పించాలన్న చర్చలో అందరి నోటా బోర్డో పేరే వచ్చింది. నేను వద్దన్నాను. బోర్డోలో వాడే కాబెర్నే సావిన్యోన్ వంటి ద్రాక్షలోని వగరు, మిర్చి కారంతో కలిస్తే నాలుక మీద మంటను పెంచుతుంది. చపాటా కారం తక్కువే అయినా, బల్ల మీద ఎవరో ఒకరు పచ్చిమిరపకాయ అడగకుండా ఉండరు. మా ఎంపిక బోజోలే విలాజ్. గమే ద్రాక్షతో చేసే ఈ ఎర్ర వైన్‌లో వగరు తక్కువ, పండు రుచి ఎక్కువ, పైగా అది పండేది లియోన్‌కు ఉత్తరాన పక్కనే. లియోన్‌లో పారే నదులు రోన్, సోన్, బోజోలే అని అక్కడివారు వేళాకోళం చేస్తుంటారు. సీసా చూడగానే ఆచార్యులవారు ఈ మాటే అని నవ్వారు. కొనేటప్పుడు ‘నువో’ అని రాసి ఉన్నదాన్ని వదిలేయండి. ఏటా నవంబరు మూడో గురువారం విడుదలయ్యే ఆ రకం కొద్ది నెలల్లో తాగేయవలసినది, ఏప్రిల్‌కు దాని కళ పోతుంది.

ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలనే సూత్రాన్ని మన ఏప్రిల్‌లో పాటించకూడదు. ఆ గది అంటే చలిదేశంలో పాతకాలపు గది, పదహారు పద్దెనిమిది డిగ్రీలు. బోజోలేకు ఇంకొంచెం చల్లదనమే మేలు. బకెట్‌లో మంచు, నీళ్లు, పిడికెడు ఉప్పు కలిపి అందులో సీసా పెడితే ఫ్రిజ్ కంటే చాలా త్వరగా చల్లబడుతుంది. తెల్ల వైన్‌కు మేము ఫ్రాన్సు దాకా వెళ్లలేదు. దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంటూ వచ్చింది కాబట్టి మనం చెల్లించే ధరలో రుచి వాటా కంటే పన్నుల వాటా ఎక్కువ. షెనిన్ బ్లాంక్ ద్రాక్ష పుట్టిల్లు ఫ్రాన్సులోని లువార్ లోయ, నాసిక్‌లో సులా వారు అదే ద్రాక్షతో చేసే వైన్‌లో కొద్దిపాటి తీపి ఉండి కారాన్ని సర్దుతుంది. పులే బాస్కేజ్ పక్కన అది బోజోలే కంటే బాగా ఒదిగింది. ఆరంభంలో గ్లాసులెత్తడానికి షాంపేన్ బదులు నాసిక్‌లోనే తయారయ్యే షాండోన్ అనే నురుగు వైన్ తీసుకున్నాము. సీసాలోనే రెండోసారి పులియబెట్టే పద్ధతి రెండింటికీ ఒకటే, ధరలో మాత్రం పోలికే లేదు. 750 మిల్లీలీటర్ల సీసాకు అయిదు గ్లాసులు వస్తాయని లెక్క వేసుకుంటే మిగులు, తరుగు ఉండవు.

హాలులో మద్యం ఇవ్వడానికి ఎక్సైజ్ శాఖ నుంచి ఒకరోజు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి, ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి పోయకూడదు. తాగనివారికి కోలా పెట్టి సరిపుచ్చకుండా వంటశాల సిత్రోన్ ప్రెసే పెట్టింది. నిమ్మరసం, చల్లటి నీళ్లు, చక్కెర విడివిడిగా ఇస్తే ఎవరి గ్లాసు వారు కలుపుకునే ఈ ఫ్రెంచి పానీయం దగ్గర, నిజం చెప్పాలంటే, వైన్ బల్ల కంటే పెద్ద వరుస ఉంది.

తీపి వంటల్లో పాలు, గుడ్లతో చేసే క్రెమ్ కారమెల్ నిండుగా, గడ్డలు లేకుండా వచ్చింది. క్రెమ్ బ్రూలే మాత్రం దెబ్బతిన్నది. పైన చల్లిన చక్కెరను వడ్డించే ముందు హాలులోనే మంటతో కాల్చాలి. వీరు వంటశాలలోనే కాల్చి తేవడం వల్ల చెంచాతో కొడితే టప్పున పగలవలసిన గాజు పొర పాకంగా కరిగి అంచుల్లో చేరింది. ఫిర్యాదు చేయగానే వాదించకుండా ఆ పద్దు బిల్లులోంచి తీసేశారు. వడ్డనకు వచ్చిన కుర్రవాళ్లు మర్యాదస్తులే కానీ ఏ వంటకం ఏమిటో వారికి చెప్పి పంపలేదు, అడిగిన ప్రతిసారీ చీటీ చూసి చదివారు.

వైన్ కాకుండా మనిషికి 1,100 రూపాయలు పడింది. నాటుకోడి దొరికిన చోట ఇది న్యాయమైన ధరే, రతతూయ్‌తో సరిపెట్టుకున్న శాకాహారులకు మాత్రం ఎక్కువ. వారికి వేరే ధర ఉండాలని చెప్పి వచ్చాము. సగం సొమ్ము ముందే కట్టాలి, కోడి కోసం కనీసం నాలుగు రోజుల ముందు చెప్పాలి. వారి వద్ద ఎనిమిది మంది కూర్చునే బల్ల ఒకటి ఉంది. ఉల్లిపాయ సూప్, సూఫ్లే కావాలనుకునేవారు ఆ బల్ల బుక్ చేసుకుని, పొయ్యి పక్కనే కూర్చుని తినడం మంచిది.