టెస్టులో అన్నీ పచ్చ టిక్కులే, ఫోన్ మాత్రం మోగలేదు

యాప్ పేరు రాయడం లేదు. నేను తిట్టబోయేది అందులో ఉన్న ఒకే ఒక్క పేజీని, అలాంటి పేజీ ఇంకా చాలా కాలింగ్ యాప్‌లలో ఉంటుంది. సెట్టింగ్స్‌లో అట్టడుగున ‘కాల్ సమస్యలా?’ అని కనిపిస్తుంది. నొక్కితే కాసేపు గుండ్రంగా తిరిగి ఇంటర్నెట్‌కి ఒక పచ్చ టిక్కు, సర్వర్‌కి ఒకటి, రింగ్‌టోన్‌కి ఒకటి పెట్టి ‘అంతా బాగుంది’ అని తేల్చేస్తుంది. ఏదీ బాగోలేని రోజున కూడా అదే మాట.

మా ఆయన మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్. విశాఖలో ఇదేం పెద్ద విశేషం కాదు, మురళీనగర్‌లో మా వీధిలోనే ఇంకో రెండిళ్లవాళ్లు ఓడల మీద ఉన్నారు. కొన్ని నెలలు ఓడ, కొన్ని నెలలు ఇల్లు. మొదట్లో స్కైప్ వాడేవాళ్లం. 2025 మే 5న అది మూతపడుతుందని తెలిశాక ఈ యాప్‌లోకి మారాం. మారిన కొత్తలో దీన్ని తెగ మెచ్చుకున్నాను. ఓడలో నెట్ అంతంతమాత్రంగా ఉన్నా గొంతు స్పష్టంగా వచ్చేది. ఇందులో ఉన్నది ఓపస్ అనే కోడెక్, అంటే మాటని కుదించి నెట్ మీద పంపే పద్ధతి. 2012లో ప్రమాణంగా వచ్చింది, సెకనుకి 6 కిలోబిట్లు దొరికినా మాటని మోసుకొస్తుంది, లైను బాగుంటే 510 దాకా వాడుకోగలదు. ఇది చాలా కాలింగ్ యాప్‌లలో ఉన్నదే కాబట్టి అప్పుడు నేను పొగిడిన దాంట్లో సగం పొగడ్త ఈ యాప్‌కి చెందదు. మిగతా సగం ఓడకి చెందుతుంది. పాత ఓడకి నెట్ ఇచ్చే ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండేది. మన మాట అక్కడికెళ్లి కిందికి దిగడానికే పావు సెకను, జవాబుకి ఇంకో పావు. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగి, మళ్లీ ఒకేసారి ‘చెప్పు’ అనుకునేవాళ్లం. ఇప్పటి ఓడలో 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నెట్ ఉంది, ఆ బాధ పోయింది.

ఓడ మనుషులకి ఈ కాల్ ఎంత అవసరమో ఇప్పుడు చట్టాలు కూడా ఒప్పుకున్నాయి. ఓడ ఉద్యోగుల హక్కుల మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం మారీటైమ్ లేబర్ కన్వెన్షన్‌కి 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చాయి. వీలైనంతవరకు ఓడలో ఉద్యోగులకి నెట్ ఇవ్వాలి, డబ్బు తీసుకుంటే సబబుగా ఉండాలి అని అందులో ఉంది. నెట్ ఉన్నా టైము కుదరాలి కదా. సెకండ్ ఆఫీసర్‌ది పన్నెండు నుంచి నాలుగు వాచ్, అంటే ఓడ నడిపే డ్యూటీ, రాత్రీ అంతే, మధ్యాహ్నమూ అంతే. ఓడ బ్రెజిల్ తీరంలో ఉంటే అక్కడ తెల్లవారుజామున నాలుగుకి ఆయన వాచ్ దిగేసరికి ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. అప్పుడు పది నిమిషాలు మాట్లాడి పడుకుంటారు. అది తప్పితే మళ్లీ రేపే.

ఈసారి సెలవు నాలుగు నెలల పైనే సాగింది. మనిషి ఇంట్లోనే ఉంటే ఆ యాప్‌తో పనేముంది, ఎవరం తెరవలేదు. తర్వాత ఓడెక్కారు. చేరినట్టు ఏజెంటు ఆఫీసు నుంచి కబురు వచ్చింది, ఆయన దగ్గర్నుంచి మాత్రం కాల్ లేదు. ఒక రోజు సరే, పనుల్లో ఉంటారు అనుకున్నాం. మర్నాడూ లేదు. పన్నెండున్నర అయ్యేసరికి అత్తయ్య వంటింట్లో పని వదిలేసి ఫ్రిజ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు, ఫోన్ ఫ్రిజ్ మీద ఉంటుంది కాబట్టి. మోగదు. మిస్డ్ కాల్ కూడా ఉండదు. అందుకే ఆయనే చేయడం లేదని మేం నమ్మాం. మూడో రోజో నాలుగో రోజో ఈమెయిల్ వచ్చింది: “రోజూ చేస్తున్నాను, రింగ్ అవుతోంది, ఎవరూ తీయరేం? అందరూ బాగానే ఉన్నారా?”

ఆయన వైపు రింగ్ వినిపిస్తోంది, మా వైపు చీమ చిటుక్కుమనలేదు. యాప్ తెరిచాను. అప్పుడు ఒక్కసారిగా ఎర్ర అక్షరాల్లో మిస్డ్ కాల్స్ వరసగా వచ్చి పడ్డాయి. ‘కాల్ సమస్యలా?’ నొక్కాను. అన్నీ పచ్చ టిక్కులే. డాబాగార్డెన్స్‌లో ఫోన్ కొన్న షాపుకి వెళితే ఆ అబ్బాయి రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, “ఫోన్లో ఏటీ లేదమ్మా, యాప్ తీసేసి మళ్లీ ఎక్కించండి” అన్నాడు. ఎక్కిస్తే బాగయ్యేదే, ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది. కానీ బ్యాకప్ లేదు, పాత చాట్‌తో పాటు ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ పోతాయి. ఒప్పుకోలేదు.

మర్నాడు మోగింది. సంబరం అర నిమిషమే. లాక్ తీయకుండా అలాగే పచ్చ బటన్ జరిపి ఎత్తాను. ఆయన గొంతు గంట కొట్టినట్టు వినిపిస్తోంది, నాది ఆయనకి వెళ్లడం లేదు. “హలో, హలో, ఉన్నావా?” అంటున్నారు. అత్తయ్య ఫోన్ లాక్కుని, బయట వీధి వరకూ వినపడేలా, “ఏటి నాన్నా, ఇనిపిస్తన్నాదా?” అని అరిచారు. అట్లాంటిక్‌కి నేరుగా చేరుతుందేమో అన్నంత గట్టిగా. చేరలేదు. చివరికి చాట్‌లో రాశాను: “మాకు వినిపిస్తోంది. మీరు మాట్లాడండి, నేను టైప్ చేస్తాను.” ఆయన ఓడలో కొత్త కుక్ సాంబారులో పంచదార వేస్తున్నాడని చెబుతుంటే, నేను పాప మార్కులు టైప్ చేశాను.

ఆ కాల్‌లోనే ఒక సంగతి కంటపడింది. ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ అయినా మైకు వాడుతుంటే తెర పైన కుడి మూల చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. పోయిన సెయిలింగ్‌లో మేం మాట్లాడుతుంటే అది ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు లేదు. అంటే మైకు చెడిపోలేదు, యాప్ దాకా మాట చేరడమే లేదు. మీకూ ఇలా అవతలివాళ్లకి వినపడకపోతే మొట్టమొదట ఆ మూల చూడండి. ఇయర్‌ఫోన్లు మార్చడం, రౌటర్ ఆపి వేయడం అన్నీ తర్వాత.

యాప్ ఇన్ఫోలో పర్మిషన్లు తెరిస్తే మైక్రోఫోన్, కాంటాక్ట్స్ రెండూ ‘నాట్ అలౌడ్’ కింద ఉన్నాయి. నేను తీయలేదు, అత్తయ్యకి ఆ పేజీ ఉందనే తెలియదు. కొంచెం కిందికి జరిపితే ‘పాజ్ యాప్ యాక్టివిటీ ఇఫ్ అన్‌యూజ్డ్’ అని ఒక ఆప్షన్, అది ఆన్‌లో ఉంది.

సంగతి ఇది. కాలింగ్ యాప్ ఎప్పుడూ మేలుకుని కూర్చోదు. కాల్ వచ్చినప్పుడు సర్వర్ నుంచి ఒక పుష్ మెసేజ్ వస్తుంది, అది యాప్‌ని లేపుతుంది, అప్పుడు ఫోన్ మోగుతుంది. నెలల తరబడి తెరవని యాప్‌కి ఇచ్చిన పర్మిషన్లని వెనక్కి తీసుకోవడం 2020లో ఆండ్రాయిడ్ 11తో మొదలైంది. 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చాక ఇంకో అడుగు ముందుకేసి, అలాంటి యాప్‌ని పూర్తిగా నిద్రపుచ్చుతున్నారు. ఆ నిద్రలో ఉన్నదానికి పుష్ మెసేజ్ అందదు, ఎంత అర్జెంటుదైనా సరే. ఆలోచన మంచిదే, కాదనను. ఎప్పుడో ఒకసారి వాడి మరిచిపోయిన టార్చ్ యాప్ మన మైకు పట్టుకుని కూర్చోవడం ఎవరికి కావాలి? కానీ ఓడ మనిషి ఇంట్లో, ‘వాడని యాప్’ అంటే ఆయన ఇంటికొచ్చారని అర్థం. ఇది ఫోన్‌కి తెలియదు సరే, కాల్స్ కోసమే పుట్టిన యాప్‌కి తెలియొద్దా?

అనుమానం తీరడానికి అత్తయ్య పాత ఫోన్ తెచ్చాను. అందులోనూ ఈ యాప్ ఉంది, పోయిన సెయిలింగ్ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. సెట్టింగ్స్‌లో అన్‌యూజ్డ్ యాప్స్ జాబితా చూస్తే ఎవరిదో పెళ్లికి శుభలేఖ చేయడానికి ఎక్కించుకున్న యాప్ పక్కనే ఇదీ ఉంది. నా ఫోన్ నుంచి దానికి కాల్ చేశాను. నాకు రింగ్, దానికి మౌనం, అచ్చం ఆయన చెప్పినట్టే. యాప్‌ని ఒకసారి తెరిచి మూసేసి మళ్లీ చేశాను. ఇల్లంతా మోగింది.

నా కోపమంతా ఇక్కడే. ఆ టెస్ట్ పేజీకి వెళ్లాలంటే ముందు యాప్ తెరవాలి. తెరిచిన క్షణమే నిద్ర వదిలిపోతుంది. ఇక పరీక్షలో ఏం దొరుకుతుంది? పడుకున్నవాణ్ణి తట్టి లేపి, ‘మెలకువగానే ఉన్నావు కదా’ అని రాసుకుని వెళ్లిపోవడం లాంటిది. పోనీ మైకు పర్మిషన్ లేదన్న సంగతైనా చెప్పిందా అంటే అదీ లేదు, అసలు మైకుని చూడనే చూడదు. కాల్ ఎత్తినప్పుడు అడగాల్సిన పర్మిషన్, తెర లాక్‌లో ఉండడంతో కనిపించలేదు. ఇదంతా వివరంగా వాళ్లకి రాస్తే జవాబు వచ్చింది, మర్యాదగానే: యాప్ అప్‌డేట్ చేయండి, ఫోన్ రీస్టార్ట్ చేయండి, ‘కాల్ సమస్యలా?’ పేజీని ఒకసారి నడిపి చూడండి.

చేసిన మార్పులు చిన్నవి. మైకు పర్మిషన్ తిరిగి ఇచ్చాను, ఆ పాజ్ ఆప్షన్ ఆఫ్ చేశాను. ఇంతటితో సరిపోతుందనుకుంటే మధ్యలో ఒక రోజు మళ్లీ మోగలేదు. అది వేరే గొడవ. ఫోన్ తయారు చేసినవాళ్లు బ్యాటరీ ఆదా కోసం తమ సొంత నిద్ర జాబితా ఒకటి పెట్టుకుంటారు, తరచుగా తెరవని యాప్ అందులోకి జారిపోవచ్చు. బ్యాటరీ సెట్టింగ్‌లో ఈ యాప్‌ని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేశాక మళ్లీ కాల్ తప్పలేదు. ఈ జాబితా పేరూ చోటూ కంపెనీకొక రకంగా ఉంటాయి, మీ ఫోన్‌లో కాస్త వెతుక్కోవాలి. ఛార్జింగ్ మునుపటికంటే కొంచెం ముందే అయిపోతోంది. ఈ యాప్ బ్యాటరీ అసలు తినదని ఒకప్పుడు అందరికీ గొప్పగా చెప్పేదాన్ని. తినకపోవడానికి కారణం ఇప్పుడు అర్థమైంది.

ఐఫోన్‌వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. ‘ఆఫ్‌లోడ్ అన్‌యూజ్డ్ యాప్స్’ అని 2017లో ఐఓఎస్ 11తో వచ్చింది. అది ఆన్‌లో ఉండి ఫోన్‌లో చోటు తక్కువైతే వాడని యాప్‌నే తీసేస్తుంది, గుర్తు మాత్రం తెర మీద అలాగే ఉంటుంది. డేటా పోదు గానీ, లేని యాప్ ఎలా మోగుతుంది? మా ఆడపడుచు ఫోన్‌లో అది ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయించాను.

మరి యాప్ మార్చామా అంటే లేదు. కొత్తది అలవాటు చేయాలంటే ఆయన ఓడలో డౌన్‌లోడ్ చేయాలి, నెలకింత అని లెక్కగా ఇచ్చే డేటాలోంచి అది పోతుంది. అత్తయ్యకి ఈ పచ్చ బటన్ ఎక్కడుందో కళ్లు మూసుకున్నా తెలుసు. కాల్ కలిశాక మాట నాణ్యతకి ఇప్పటికీ వంక పెట్టలేను, అవతల నెట్ మంచిదైతేనే అని మాత్రం కలుపుకోండి. వీడియో గురించి చెప్పను, డేటా ఖర్చని మేం పెద్దగా వాడం.

నా లెక్కలో ఐదుకి మూడు. ఏడాది పొడవునా రోజూ మాట్లాడుకునే ఇళ్లలో ఈ యాప్‌కి నిద్రపోయే తీరికే ఉండదు, వాళ్లు నాలుగున్నర ఇచ్చినా నేను వాదించను. ఓడల మీదో, సముద్రంలో చమురు తీసే రిగ్గుల మీదో మనుషులున్నవాళ్లు మాత్రం, వాళ్లు మళ్లీ బయల్దేరే ముందు రోజు సూట్‌కేసు సర్దేటప్పుడే యాప్ ఒకసారి తెరిచి, పక్క గదిలోంచి కాల్ చేయించుకుని, మాట రెండు వైపులా వినపడుతోందో లేదో చూసుకోండి.