టచ్ టేబుల్‌కు వెలుగు అంచు నుంచా, అడుగు నుంచా?

మిత్రబృందం సొంతంగా టచ్ టేబుల్ (పైభాగమే టచ్ స్క్రీన్‌లా పనిచేసే బల్ల) చేయాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది వెలుగు సంగతే.

2005లో పరిశోధకుడు జెఫ్ హాన్ చూపిన ఎఫ్‌టీఐఆర్ (ఫ్రస్ట్రేటెడ్ టోటల్ ఇంటర్నల్ రిఫ్లెక్షన్) పద్ధతిలో అక్రిలిక్ షీటు అంచుల చుట్టూ కంటికి కనిపించని వెలుగునిచ్చే ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు బిగిస్తాం. వెలుగు షీటు లోపలే తిరుగుతుంటుంది. వేలు ఆనిన చోట మాత్రం కిందికి చెదిరి, అడుగునున్న కెమెరాకు తెల్లటి చుక్కలా కనిపిస్తుంది. ఎంత స్పష్టంగా ఉంటుందో! కానీ పొడి వేలిని సరిగా పట్టదు, పైన పల్చటి సిలికాన్ పొర కావాలి. అంచులు నున్నగా రుద్దడం, వరసగా ఎల్‌ఈడీలు సోల్డరింగ్ చేయడం ఓపికతో కూడిన పని.

డీఐ (డిఫ్యూజ్డ్ ఇల్యూమినేషన్) పద్ధతిలో సీసీటీవీలకు వాడే ఇన్‌ఫ్రారెడ్ దీపాలను పెట్టె అడుగున పెడితే చాలు, వేలికి తగిలి వెనక్కి వచ్చే వెలుగును కెమెరా చూస్తుంది. గాజు మీద ట్రేసింగ్ పేపరు సరిపోతుంది. గుర్తులు అంటించిన వస్తువులనూ పోల్చుకుంటుంది. వెలుగును సమంగా పరచడమే టెన్షన్.

కిటికీ ఎండ తగిలితే రెండూ సరిగా పనిచేయవు. కొత్తవాళ్లకు నేను డీఐనే చెప్తాను.